ఓటరు స్వభావం కొలిచే పది ప్రశ్నలు: టిపి ప్రశ్నావళి ఎంతవరకు పనికొస్తుంది?

ఎన్నికల సర్వేలో అన్నిటికన్నా ఖరీదైనది సమయం. గుమ్మం దగ్గర నిలబడి అరగంట ప్రశ్నలు వేస్తే జవాబు చెప్పే ఇల్లాలి మనసు పొయ్యి మీది కూర మీదికి పోతుంది. ఆ తర్వాత వచ్చే జవాబులన్నీ మనల్ని పంపించేయడానికి చెప్పేవే. కులం, వయసు, చదువు, పథకాలు, ఓటు అన్నీ అడిగాక ఓటరు స్వభావం కూడా కొలవాలంటే మిగిలేది ఒకటి రెండు నిమిషాలు. ఆ వ్యవధిలో ఇమిడే సాధనాల్లో అన్నిటికన్నా పేరున్నది టెన్ ఐటెమ్ పర్సనాలిటీ ఇన్వెంటరీ. క్లుప్తంగా టిపి అంటారు. శామ్ గాస్లింగ్, జేసన్ రెంట్‌ఫ్రో, విలియం స్వాన్ 2003లో దీన్ని ప్రకటించారు. పరిశోధనకు వాడుకుంటే రుసుము లేదు. అమెరికాలో దశాబ్దాలుగా సాగుతున్న నేషనల్ ఎలక్షన్ స్టడీస్ సర్వే 2012లో ఇదే పది ప్రశ్నలను తన ఫారంలో పెట్టుకుంది.

తెలుగు ఓటర్ల మధ్య దీన్ని వాడాలనుకునే రాజనీతి శాస్త్ర విద్యార్థులూ సర్వే బృందాలూ ముందుగా తెలుసుకోవాల్సింది ఇది. వందలాది మంది సగటులు పోల్చడానికి, జాగ్రత్తలు తీసుకుంటే, టిపి పనికొస్తుంది. ఫలానా మనిషి ఏ పార్టీకి వేస్తాడో చెప్పడానికి పనికిరాదు. ఇంగ్లిషు వాక్యాలను మాటకు మాట తెలుగు చేసి ఊళ్లోకి తీసుకెళ్తే మాత్రం రెండింటికీ చెడుతుంది.

ముందు సాధనం ఎలా ఉంటుందో చూద్దాం. మనిషి స్వభావాన్ని అయిదు లక్షణాలుగా చూసే పద్ధతి మీద ఇది నడుస్తుంది: బహిర్ముఖత్వం, సౌమ్యత, క్రమశిక్షణ, నిబ్బరం, కొత్తదనంపై ఆసక్తి. ఒక్కో లక్షణానికి రెండే వాక్యాలు. ఒకటి లక్షణం ఉందని చెప్పేది, ఇంకొకటి దానికి ఎదురు తిరిగేది. ప్రతి వాక్యంలో రెండేసి విశేషణాలుంటాయి. జవాబు 1 నుంచి 7 దాకా: 1 అంటే అస్సలు ఒప్పుకోను, 4 అంటే ఎటూ కాదు, 7 అంటే పూర్తిగా ఒప్పుకుంటాను.

లెక్క కట్టడం తేలికే గానీ, తప్పులు ఎక్కువగా దొర్లేదీ ఇక్కడే. 2, 4, 6, 8, 10 వాక్యాలు ఎదురు తిరిగేవి, వాటి అంకెను 8 నుంచి తీసేయాలి. అంటే 7 వస్తే 1, 5 వస్తే 3. ఆ తర్వాత జంట సగటు: బహిర్ముఖత్వానికి 1, 6, సౌమ్యతకు 7, 2, క్రమశిక్షణకు 3, 8, నిబ్బరానికి 9, 4, కొత్తదనంపై ఆసక్తికి 5, 10. నిబ్బరం దగ్గర ఒక చిక్కుంది. ఇదే లక్షణాన్ని కొన్ని ప్రశ్నావళులు తలకిందులుగా, ఆందోళన పేరుతో కొలుస్తాయి. రెండు చోట్ల నుంచి పట్టికలు తెచ్చి కలిపేటప్పుడు ఆ దిక్కు చూసుకోకపోతే ఫలితం అడ్డంగా తిరగబడుతుంది.

దిక్కు తప్పడాన్ని చిన్న సంగతిగా కొట్టిపారేయకూడదు. అమెరికన్ జర్నల్ ఆఫ్ పొలిటికల్ సైన్స్‌లో 2012లో స్వభావానికీ రాజకీయ అభిప్రాయాలకూ ఉన్న సంబంధం మీద ఒక వ్యాసం వచ్చింది. రాజకీయ అభిప్రాయాల స్కేలును తలకిందులుగా కోడ్ చేసిన సంగతి తర్వాత బయటపడి, 2016లో సవరణ వేశారు. సంప్రదాయవాదుల లక్షణాలుగా రాసినవి ఉదారవాదులవి, వాళ్లవి వీళ్లవి. నిపుణుల బృందానికే ఇలా జరిగిందంటే, కొత్తగా ఎక్సెల్ షీటు తెరిచినవాళ్లు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి. మందు ఒక్కటే: తిప్పిన అంకెలకు వేరే కాలమ్ పెట్టండి, అసలు అంకెల మీద రాయకండి, జవాబులు ముందే తెలిసిన ఇద్దరు ముగ్గురు ఊహాత్మక ఓటర్ల వరసలు పైన పెట్టి సూత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడండి.

ఇక కొలత ఎంత గట్టిదనే ప్రశ్న. ఒకే లక్షణం కొలిచే రెండు వాక్యాలు ఎంతవరకు ఒకే మాట మీద నిలుస్తాయో చెప్పే ఆల్ఫా విలువలను టిపి రూపకర్తలే ప్రకటించారు: బహిర్ముఖత్వం 0.68, సౌమ్యత 0.40, క్రమశిక్షణ 0.50, నిబ్బరం 0.73, కొత్తదనంపై ఆసక్తి 0.45. మామూలుగా 0.70 దాటితే బాగుందంటారు. రెండే వాక్యాలతో లక్షణం వెడల్పంతా పట్టుకోవాలని కావాలనే దూరదూరపు మాటలు ఎంచుకున్నామని, అందుకే ఆల్ఫా తగ్గిందని వాళ్ల వివరణ. అది న్యాయమైన మాటే. ఆరు వారాల తర్వాత మళ్లీ అడిగితే వచ్చిన పొందిక సగటున 0.72, పెద్ద ప్రశ్నావళితో పోల్చినా చెప్పుకోదగ్గ సామీప్యం ఉంది. అయినా ఓటు విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన లక్షణం కొత్తదనంపై ఆసక్తి. అక్కడే ఈ సాధనం బలహీనం. అది మింగుడుపడని సంగతి.

0.72 అంటే ఆచరణలో ఏమిటో ఒక లెక్క వేద్దాం. కొత్తదనంపై ఆసక్తి అంకెల విస్తరణ, అంటే ప్రామాణిక విచలనం, రూపకర్తల విద్యార్థి నమూనాలో 1.07. దాన్ని 1 నుంచి 0.72 తీసేస్తే మిగిలే 0.28 వర్గమూలంతో గుణిస్తే కొలతలోని పొరపాటు సుమారు 0.57. ఒకరికి 5.5 వచ్చిందనుకుంటే, ఆ పొరపాటుకు రెండింతలు అటూ ఇటూ వదిలితే అసలు విలువ 4.4 నుంచి 6.6 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఏడు మెట్ల నిచ్చెన మీద రెండు మెట్ల పైచిలుకు అనుమానం! దీని ఆధారంగా ఒక్క మనిషి గురించి ఏ ముక్కా చెప్పకూడదు. పైగా రూపకర్తలు ప్రకటించిన సగటులు అమెరికా విశ్వవిద్యాలయ విద్యార్థులవి. మన ఓటరు అంకెను వాటి పక్కన పెట్టి "సగటు కన్నా ఎక్కువ" అనడం తప్పు. మన నమూనా సగటుతోనే మన నమూనాను పోల్చాలి.

స్వభావానికీ ఓటుకూ మధ్య ఉన్న సంబంధం అసలెంత? 2012లో 73 అధ్యయనాలను, దాదాపు 72 వేల మందిని కలిపి చూసిన విశ్లేషణలో కొత్తదనంపై ఆసక్తికీ సంప్రదాయవాదానికీ సహసంబంధం (రెండూ కలిసి పెరిగితే ప్లస్, ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గితే మైనస్, 1కి దగ్గరైతే గట్టిది) మైనస్ 0.18, క్రమశిక్షణకు ప్లస్ 0.10 వచ్చింది. కొత్తదనం ఇష్టపడేవాళ్లు ఉదారవాదం వైపు, పద్ధతిగా ఉండేవాళ్లు సంప్రదాయవాదం వైపు కాస్త మొగ్గుతారు. వర్గం చేస్తే మొదటిది 3 శాతం తేడాను వివరిస్తుంది, రెండోది 1 శాతాన్ని. ఉన్నది నిజమే, కానీ సన్నటి దారం. 0.10 పాటి సంబంధాన్ని పట్టుకోవాలంటే దాదాపు 780 మంది కావాలి, 0.20 అయితే 200 మంది లోపు సరిపోతారు. యాభై మంది క్లాస్‌మేట్లతో నింపించిన గూగుల్ ఫారం నుంచి ఏ తీర్మానమూ చేయొద్దనేది ఇందుకే.

కొలత బలహీనమైతే ఈ దారం ఇంకా సన్నబడుతుంది. అసలు సంబంధం 0.30 ఉన్నా, సాధనం ఆల్ఫా 0.45 అయితే మనకు కనబడేది 0.20 మాత్రమే. ఏమీ కనబడలేదంటే సంబంధం లేదని కాదు, కొలిచే తూకం మోటుదై ఉండొచ్చు.

సౌమ్యత విషయంలో మరో లోతు ఉంది. టిపితో చూస్తే దానికీ ఓటుకూ సంబంధం ఉందో లేదో తేలదు. కారణం, ఆ ఒక్క మాటలో రెండు గుణాలు కలిసిపోయి ఉంటాయి. ఎదుటివాడి కష్టానికి కరిగిపోవడం ఒకటి, పెద్దల మాటకూ కట్టుబాట్లకూ విలువివ్వడం ఇంకొకటి. అయిదు లక్షణాలను పదిగా విడదీసి వంద వాక్యాలతో కొలిచే ప్రశ్నావళితో 2010లో చూసినప్పుడు, కరుణ ఉదారవాదం వైపూ మర్యాద సంప్రదాయవాదం వైపూ లాగాయి. రెండూ కలిపి సగటు తీస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రెండు వాక్యాల సాధనం దీన్ని విడదీయలేదు. అది దాని పరిమితి, మనం ఎంత బాగా అనువదించినా తీరేది కాదు.

పైగా ఆ ఉదారవాదం, సంప్రదాయవాదం అన్న గీత అమెరికాది, ఐరోపాది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఏ రెండు ప్రధాన పార్టీలను తీసుకున్నా ఆ గీతకు అటూ ఇటూ పొందిగ్గా కూర్చోవు. సంక్షేమం అందరి మేనిఫెస్టోలోనూ ఉంది. కులం, స్థానిక అభ్యర్థి, పొత్తు, అధికారంలో ఉన్నవాళ్ల మీద కోపం ఓటును ఎక్కువగా తిప్పుతాయి. కాబట్టి ఇక్కడ "కొత్తదనం ఇష్టపడేవాళ్లు ఏ పార్టీ?" అన్న ప్రశ్న పక్కన పెట్టి, పార్టీతో నిమిత్తం లేని ప్రవర్తన మీద వాడడం మేలు. గత ఎన్నికకూ ఈ ఎన్నికకూ పార్టీ మార్చారా? ఎప్పుడు నిర్ణయించుకున్నారు, నెల ముందా, చివరి రోజా? ఒకే రోజు వేసిన అసెంబ్లీ, లోక్‌సభ ఓట్లు ఒకే పార్టీకా, వేర్వేరుగానా? నోటా నొక్కారా? సభకు వెళ్లారా? స్వభావం కనబడే చోట్లు ఇవి.

ఓటు వేశారా లేదా అన్నదాన్ని కొలిచేటప్పుడు నియోజకవర్గం చూసి ఎంచుకోవాలి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 80 శాతం దాటింది. అందరూ వేసిన చోట వేయనివాళ్లు దొరకరు, తేడా కనబడదు. అదే మే 13న హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో పోలింగ్ 50 శాతం లోపే. ఓటు వేయడానికీ బహిర్ముఖత్వానికీ నిబ్బరానికీ ముడి ఉందా అని చూడాలంటే అలాంటి చోటే సరైనది. వేయకపోయినా వేశామని చెప్పేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. పోలింగైన నాలుగైదు రోజుల్లోపు వెళ్తే ఎడమ చూపుడువేలి సిరా గుర్తు మాటకు తోడు సాక్ష్యం.

ఇక అనువాదం. ఎక్కువ సర్వేలు చెడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చూద్దాం.

ఆరో వాక్యంలో ఇంగ్లిషు మాట "రిజర్వ్‌డ్, క్వైట్". చదువుకున్న బృందాలు రిజర్వ్‌డ్ అనే మాటను అలాగే ఉంచేస్తాయి. ఎన్నికల మాటల మధ్య ఆ పదం వింటే మన ఓటరుకు తట్టేది రిజర్వుడు నియోజకవర్గం, కులం కోటా. "నలుగురిలో ఎక్కువగా మాట్లాడను, నా మానాన నేనుంటాను" అంటే అర్థం నేరుగా దిగుతుంది. దానికి జోడీగా మొదటి వాక్యానికి "కలుపుగోలు" అన్న మాట చాలామందికి వెంటనే తడుతుంది. కానీ అందులో మంచితనం వాసన కూడా ఉంది, సౌమ్యతతో కలగలిసిపోతుంది. "కొత్తవాళ్లతోనైనా చొరవగా మాట కలుపుతాను, హుషారుగా ఉంటాను" అన్నది మేలు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది పదో వాక్యం: "కన్వెన్షనల్, అన్‌క్రియేటివ్". దీన్ని "సంప్రదాయబద్ధమైన" అని తెలుగు చేస్తే అది మనకు మెచ్చుకోలు. పండగలు పద్ధతిగా చేసుకునే ఇల్లాలు, పాటకచేరీలకు వెళ్లే రిటైర్డ్ మాస్టారు ఇద్దరూ నిస్సంకోచంగా 7 వేస్తారు. ఇంగ్లిషులో అది లోటు, తెలుగులో అది గౌరవం. ఫలితంగా కొత్తదనంపై ఆసక్తి అంకె కుప్పకూలుతుంది, పల్లెలంతా మార్పు వద్దనేవాళ్లని రిపోర్టు తయారవుతుంది. "ఏ పనైనా ఎప్పుడూ చేసే తీరులోనే చేస్తాను, కొత్త ఆలోచనల జోలికి పోను" అంటే పొగడ్త తొలగిపోతుంది. అయిదో వాక్యంలోని "కాంప్లెక్స్"ను సంక్లిష్టం అనొద్దు, మనిషి గురించి ఎవరూ అలా అనరు. "కొత్త విషయాలు తెలుసుకోవాలనీ లోతుగా ఆలోచించాలనీ ఇష్టం" సరిపోతుంది.

రెండో వాక్యంలో "విమర్శించే" అంటే రాజకీయ విమర్శ స్ఫురిస్తుంది. "ఎదుటివాళ్లలో తప్పులెంచుతాను, తగువు పెట్టుకుంటాను" అనండి. నాలుగుకు "చిన్నదానికే కంగారుపడతాను, మనసు పాడుచేసుకుంటాను", తొమ్మిదికి "నిదానంగా, నిబ్బరంగా ఉంటాను". మూడో వాక్యాన్ని నమ్మకస్తుడు, నమ్మకస్తురాలు అంటూ రెండు రూపాల్లో అచ్చు వేయక్కర్లేదు. "ఒప్పుకున్న పని చేసి తీరతాను, ఒక పద్ధతి ప్రకారం నడుచుకుంటాను" అంటే ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకటే. ఎనిమిదికి "నా వస్తువులూ పనులూ చిందరవందరగా ఉంటాయి, అజాగ్రత్త ఎక్కువ". ఏడో వాక్యాన్ని ఎలా పెట్టినా వచ్చేది 6, 7 అంకెలే, ఎందుకంటే జాలీ ఆప్యాయతా లేవని ఎవరూ చెప్పుకోరు.

తెలుగు పాఠం సిద్ధమయ్యాక ఇంగ్లిషు మూలం చూడని మరొకరితో తిరిగి ఇంగ్లిషులోకి మార్పించండి. తర్వాత శ్రీకాకుళం వైపు నలుగురిని, రాయలసీమలో నలుగురిని, తెలంగాణ జిల్లాల్లో నలుగురిని "ఈ వాక్యం విని మీకేం అర్థమైంది?" అని అడగండి. ఇందులో దొరికే లోపాలు ఎంత గణాంకశాస్త్రం వేసినా దొరకవు.

నోటితో అడిగే సర్వేలో ఏడు మెట్లు గుక్కతిప్పుకోకుండా చదివితే ఎవరికీ గుర్తుండవు. రెండు విడతల్లో అడగాలి. ముందు "ఒప్పుకుంటారా, ఒప్పుకోరా, ఎటూ చెప్పలేరా?" ఒప్పుకుంటానంటే "పూర్తిగానా, చాలావరకా, కొంచెమా?" ఒప్పుకోనన్నా అదే వరస. రెండు జవాబులు కలిపితే ఏడు మెట్లూ వచ్చేస్తాయి. వాక్యానికి అయిదారు సెకన్లు ఎక్కువ పడతాయి, అంతే.

ఇంకో పెద్ద గండం, అన్నిటికీ "అవునండీ" అనడం. ఇంటికొచ్చిన మనిషిని కాదనకపోవడం మన మర్యాద. పదింటికీ 7 చెప్పిన ఓటరును తీసుకోండి. ప్రతి జంటలో ఒకటి 7, తిప్పినది 1, సగటు 4. అయిదు లక్షణాల్లోనూ సరిగ్గా మధ్యలో కూర్చుంటారు. పట్టికలో ఎంతో సమతూకంగా కనబడే ఆ మనిషి నిజానికి ఏమీ చెప్పలేదు. ఇలాంటివాళ్లు ఎక్కువైతే సగటులన్నీ 4 వైపు జారి, సంబంధాలన్నీ మాయమవుతాయి. ఇది మన ఒక్కళ్ల సమస్య కాదు. 23 అల్ప, మధ్య ఆదాయ దేశాల్లో ముఖాముఖిగా చేసిన 29 సర్వేలను 2019లో సైన్స్ అడ్వాన్సెస్‌లో విశ్లేషించినప్పుడు, అయిదు లక్షణాల ప్రశ్నలు అనుకున్నట్టు గుంపుగా నిలవలేదని తేలింది. ఇంటర్నెట్‌లో సొంతంగా నింపినవారి దగ్గర పరిస్థితి చాలా మెరుగ్గా ఉంది.

పరీక్ష సులువు. తిప్పకముందు ఒక్కొక్కరి పది అంకెల సగటు తీయండి. అది 4 చుట్టుపక్కల ఉండాలి. 5.5 దాటినవాళ్లను గుర్తుపెట్టి, వాళ్లను ఉంచీ తీసేసీ రెండుసార్లు లెక్క చేయండి. ఒకే లక్షణంలోని రెండు వాక్యాల మధ్య తిప్పకముందు సంబంధం మైనస్‌లో ఉండాలి. ప్లస్ వస్తే ఆ లక్షణాన్ని విశ్లేషణ నుంచి తీసేయండి, ఫలితం ఎంత అందంగా ఉన్నా సరే. సర్వే చేసేవారి కోడ్ కూడా తప్పక నమోదు చేయండి. అడిగే మనిషిని బట్టి జవాబులు మారతాయి.

ఈ పది ప్రశ్నలను ఫారంలో ఎక్కడ పెట్టాలి? పేరూ ఊరూ అడిగాక, రాజకీయం మొదలవకముందు. పార్టీల గురించి మాట్లాడిన తర్వాత అడిగితే మనిషి తనను తాను ఆ పార్టీవాడిగా చూసుకుని జవాబిస్తాడు. రాజకీయ ఇష్టాలే స్వభావపు జవాబులను వంచగలవని 2021లో అమెరికన్ పొలిటికల్ సైన్స్ రివ్యూలో వచ్చిన పరిశోధన చూపించింది. ఓటు ఎవరికన్నది నోటితో అడగొద్దు. లోక్‌నీతి సంస్థ సర్వేల్లో చేసినట్టు నమూనా బ్యాలెట్ ఇచ్చి, డబ్బాలో వేయించుకోండి. బ్యాలెట్ మీద ఫారం నంబరు ముందే రాసి ఉండాలి, లేకపోతే స్వభావానికీ ఓటుకూ ముడి తెగిపోతుంది. ఫలితాలొచ్చాక అడిగితే గెలిచినవాళ్లకే వేశామనేవాళ్లు పెరుగుతారు, కాబట్టి పోలింగుకూ లెక్కింపుకూ మధ్యే పని పూర్తిచేయాలి. ప్రచురణ మాత్రం ఆగాలి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఏ సెక్షన్ ప్రకారం 2024లో మన దగ్గర మే 13న పోలింగ్ ముగిసినా, జూన్ 1 సాయంత్రం చివరి దశ ముగిసి అరగంట గడిచేదాకా ఓటు ఎవరికి పడిందన్న సర్వే ఫలితం బయటపెట్టకూడదన్న నిషేధం ఉండింది.

మూడు నిమిషాలు దొరికితే టిపి వదిలేసి మినీ ఐపిప్ అనే ప్రశ్నావళి తీసుకోండి. 20 వాక్యాలు, లక్షణానికి నాలుగు, అయిదు మెట్ల స్కేలు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. వాక్యాలు విశేషణాల జంటలు కావు, "విందు వేడుకల్లో చాలామందితో మాట్లాడతాను" తరహాలో మామూలు మాటలు. ఒక్కో వాక్యంలో ఒక్కటే సంగతి ఉండడం వల్ల తెలుగు చేయడం చాలా తేలిక. ఆన్‌లైన్‌లో చదువుకున్నవారితో పని అయితే 30 వాక్యాల బీఎఫ్ఐ-2-ఎస్ ఇంకా మెరుగు. 240 ప్రశ్నల నియో ప్రశ్నావళి డబ్బు పెట్టి కొనాల్సింది, ఓటరు సర్వేకు అంత అక్కర్లేదు.

ఇదే శాస్త్రం పేరు చెప్పి "మీ నియోజకవర్గ ఓటర్ల స్వభావాలు మా దగ్గరున్నాయి" అంటూ డాష్‌బోర్డులు అమ్మేవాళ్లు వస్తే, ఏ ప్రశ్నలు అడిగారు, ఎంతమందిని, ఎదురు వాక్యాలున్నాయా, ఓటర్ల అనుమతి ఉందా అని అడగండి. ఫేస్‌బుక్ వాడేవారి వివరాలను ఎన్నికల ప్రచారానికి వాడిన కేంబ్రిడ్జ్ అనలిటికా సంస్థకు దాదాపు 5.62 లక్షల మంది భారతీయుల వివరాలు చేరి ఉండొచ్చని 2018లో ఫేస్‌బుక్ ఒప్పుకుంది. మన దేశంలో ఆ వివరాలు సేకరించిన యాప్ పెట్టుకున్నవాళ్లు 335 మంది. మిగతావాళ్లు ఆ యాప్ పెట్టుకున్నవాళ్ల స్నేహితులు, తమను ఎవరో కొలుస్తున్నారని తెలియనివాళ్లు.

కాబట్టి ఫారం తయారుచేసేటప్పుడే పేరు, ఫోన్ నంబరు ఉన్న పేజీని విడిగా చింపేలా పెట్టండి. పర్యవేక్షకుడు తిరిగి ఫోన్ చేసి సర్వే నిజంగా జరిగిందని సరిచూసుకున్న రోజే ఆ పేజీలు చించేయాలి. పది అంకెలూ ఓటూ ఫారం నంబరుతో మిగిలితే చాలు.